పాత డబ్బాలో కొత్త ఉప్పు

పోయిన వారం కొలతమ్మని క్లాసు మధ్యలో, కాళ్ళూ చేతులూ ఆడని స్థితిలో వదిలేశాం. ఆ పిల్ల ఇంకా ఆ బెంచీ మీదే కూర్చుని ఉంటుందనుకుంటే పొరపాటు. బయోకెమిస్ట్రీ మేడం బోర్డు వైపు తిరగడమే ఆలస్యం, బ్యాగు కూడా తీసుకోకుండా వెనక తలుపులోంచి బయటపడి, దొరికిన బస్సెక్కి, ఇప్పుడు ఆసుపత్రి గేటు దగ్గర దిగింది.

కొత్తగా మనతో కలిసినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. కొలతమ్మ అనేది మేనమామ పెట్టిన పేరు. పోషకాహార శాస్త్రంలో డిగ్రీ చదవడానికి ఆయన ఇంట్లో చేరిన కొత్తలో, అన్నం గిన్నెని చిన్న కాటా మీద పెట్టి తూచి, నూనె చెంచాలతో కొలిచి అత్త ప్రాణం తోడేస్తుంటే, ఆయన నవ్వి అలా పిలిచాడు. అంతే, అదే స్థిరపడిపోయింది. తిండి ఎలా తినాలో కూడా కాలేజీకెళ్ళి నేర్చుకోవాలా అని ఇటు అత్తా, అటు కన్నతల్లీ ఒకే పాట పాడుతుంటే, "దాని చదువు జోలికి ఎవరూ రావద్దు, నా ఇంట్లో ఉండి చదువుకుంటుంది" అన్నవాడు ఆయనొక్కడే. మావయ్య సిటీ బస్సు డ్రైవరు.

ఆ మావయ్యే డ్యూటీ దిగుతూ కాళ్ళు తేలిపోయి డిపోలో కూలబడ్డాడు. రక్తంలో పొటాషియం పెరిగిపోయిందని, కిడ్నీలు కూడా కుంగుతున్నాయని, పొటాషియం ఇంకా పెరిగితే గుండె ఆగిపోతుందని డాక్టరు చెప్పాడు. మందులతో దించారు. దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కింది. ఎందుకెక్కుతోందో అంతుపట్టక, ఇవాళ సాయంత్రం పరీక్షలోనూ దిగకపోతే రక్తం శుద్ధిచేసే మెషీను మీద పెట్టక తప్పదన్నాడు. అత్తకి మాత్రం కారణం ఖాయంగా తెలుసు. కొడుకు మీద ప్రేమ పట్టలేక అమ్మమ్మ చాటుగా పళ్ళు తినిపిస్తోందట. అందుకని అత్తగారిని వార్డు గుమ్మం తొక్కనివ్వడం మానేసింది.

అసలు కారణం ఇవాళ పొద్దున క్లాసులో బోర్డు మీద కనబడింది. సోడియం తగ్గించిన ఉప్పు అని కొట్లో దొరుకుతుంది చూడండి, అందులో సోడియం తీసి దాని స్థానంలో పెట్టేది పొటాషియమే. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి మేలే. కిడ్నీలు సరిగా పనిచెయ్యనివాళ్ళకీ, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళకీ అది విషం. మావయ్య వాడేది సరిగ్గా ఆ రకం మందు. 'ఇంట్లో ఒక మార్పు' అని సెమిస్టరు ప్రాజెక్టు ఇస్తే, మావయ్య బీపీ తగ్గించి చూపిస్తానని, అత్త వంటింట్లో పాత ఉప్పు డబ్బా ఖాళీచేసి, ఎవరికీ చెప్పకుండా ఈ కొత్త ఉప్పు నింపింది కొలతమ్మే. చెబితే అత్త ఒప్పుకోదు. బీపీ తగ్గింది కూడా. ప్రాజెక్టుకి క్లాసంతా చప్పట్లు కొట్టింది. చదువుకునే పిల్లకి ఆ మాత్రం తెలియదా అనకండి. సగం చదువుకున్నవాళ్ళకే ఇలాంటివి తోచేది.

ఇప్పుడు ఆ పిల్లని తరుముతున్నది ఒకటే. ఆసుపత్రి భోజనం మావయ్యకి గొంతు దిగదని, అత్త రోజూ ఇంటినుంచి క్యారియర్ తెస్తోంది. డాక్టర్లు దించుతున్నారు, క్యారియర్ ఎక్కిస్తోంది.

మెట్లెక్కి వార్డు ముందుకొచ్చేసరికి బెంచీ మీద అమ్మమ్మ కూర్చుని ఉంది. చెప్పులు విడిచి, కాళ్ళు పైకి ముడుచుకుని, తలుపు మీది గాజు పలకలోంచి లోపలికి చూడాలని మెడ సాచి, కనబడక మళ్ళీ వెనక్కి వాలుతోంది.

"ఏమే, కాలేజీ లేదా?"

"ఉందమ్మమ్మా. మావయ్య తిన్నాడా?"

"నాకెవరు చెప్తారు? క్యారియర్ మాత్రం ఇప్పుడే లోపలికెళ్ళింది." ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుంది. "ఒక్క పండు ముక్క పెట్టలేదే వాడికి. నీ మీద ఒట్టు. నువ్వైనా నమ్ముతావా?"

నమ్ముతాను అనడం తేలిక. నాకు తెలుసు అనాలి అక్కడ. కొలతమ్మ చెయ్యి విడిపించుకుని తలుపు తోసింది.

లోపల మావయ్య మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. స్టీరింగు తిప్పి తిప్పి గట్టిపడ్డ ఆ భుజాలు దుప్పట్లో చిన్నవైపోయాయి. అత్త క్యారియర్ గిన్నెలు విడదీసి, పళ్ళెంలో అన్నం, క్యాబేజీ కూర వడ్డించి చేతికిచ్చింది. ఆయన ముద్ద కలిపి నోటి దాకా తెచ్చాడు.

కొలతమ్మ పళ్ళెం లాగేసింది. ముద్ద దుప్పటి మీద పడింది.

"ఏం పని ఇది?" అంది అత్త. గొంతు పెంచలేదు. పెంచకపోతేనే భయం ఆవిడతో.

"వద్దత్తా. ఇవాళ ఒక్కరోజు ఆసుపత్రి భోజనం పెడదాం."

"ఆసుపత్రి భోజనం ఆయన కుక్కకి కూడా పెట్టనన్నాడు. డైటీషియన్ మేడం ఇచ్చిన చీటీ చూసే వండుతున్నాను. పళ్ళు లేవు, ఆకుకూరలు లేవు, కూరగాయలు ఉడకబెట్టి నీళ్ళు పారబోస్తున్నాను. ఇంకేం చెయ్యమంటావు? నువ్వు రెండేళ్ళుగా చదువుతున్నది ఎదటివాళ్ళ నోటి దగ్గర కూడు లాగడమా?"

"పోనీవే, పిల్ల ఏదో..." అని మావయ్య సర్దబోయాడు. మాట పూర్తి చేసే ఓపిక కూడా లేదు మనిషికి.

సరిగ్గా అప్పుడే డైటీషియన్ మేడం వచ్చింది. ఆవిడా ఒకప్పుడు కొలతమ్మ కాలేజీలోనే చదివింది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, పళ్ళెం ఎవరి చేతిలో ఉందో, ముద్ద ఎక్కడ పడిందో ఒక్క చూపులో చూసేసి, ఏమీ చూడనట్టు కుర్చీ లాక్కుంది.

"మంచి సమయానికి దొరికావమ్మాయ్. మా చీటీ ప్రకారం వండుతుంటే పొటాషియం ఎక్కకూడదు, ఎక్కుతోంది. మొదట్నుంచీ మళ్ళీ అడగాలి. రీకాల్ తీసుకోవడం నేర్పారుగా? నువ్వు అడుగు, నేను వింటాను. ఇంట్లో మనిషివి, నీకైతే ఏదీ దాచరు."

రీకాల్ అంటే పెద్ద విద్యేం కాదు. నిన్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం తిన్నారు, ఎంత తిన్నారు, ఎలా వండారు అని ఎదటి మనిషికి గుర్తుచేసి చెప్పించడం. కాకపోతే దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. సమాధానం ప్రశ్నలోనే పెట్టి అడక్కూడదు. విన్నాక మొహం చిట్లించకూడదు. చెప్పింది చెప్పినట్టు రాయాలి. ఈ కట్టుబాట్లలో కొలతమ్మని మించినవాళ్ళు క్లాసులో లేరు.

మేడం ఇచ్చిన కాగితం అట్ట మీద పెట్టి, పెన్ను పట్టుకుంది.

"నిన్న పొద్దున మావయ్యకి మొట్టమొదట ఏం ఇచ్చావత్తా?"

"పాలు. సగం గ్లాసు. మేడం చెప్పినంతే."

"తర్వాత?"

"అన్నం జావ." అత్త గాలిలో గిన్నె సైజు చేత్తో చూపించింది. "ఇంత గిన్నెడు. అందులో ఉప్పు తప్ప ఏం వెయ్యలేదు."

"మధ్యాహ్నం?"

"సొరకాయ కూర. ముక్కలు తరిగి, ఉడికించి, నీళ్ళు వార్చి, మళ్ళీ తాలింపు పెట్టా. అన్నం. పలచటి మజ్జిగ."

"మజ్జిగలో ఏం వేశావు?"

"ఉప్పు."

డైటీషియన్ మేడం వేలితో కాగితం మీద తట్టింది. ఉప్పు ఎంతో అడగమని. అడక్కుండా దాటెయ్యాలని కొలతమ్మకి ఆ క్షణాన తోచిందని మనం దాచిపెట్టడమెందుకు. తోచింది. కానీ పక్కన కూర్చున్నావిడకి ఆ ప్రశ్న ఎలాగూ తెలుసు.

"కూరలో ఉప్పు ఎంత వేశావత్తా?"

"ఈ పిల్ల మా ఇంటికొచ్చినప్పట్నుంచి ఉప్పు ఎంత తగ్గించానో ఆ దేవుడికే తెలుసు మేడం," అని అత్త డైటీషియన్ వైపు తిరిగింది. "కాకపోతే ఈమధ్య మా ఉప్పుకి పస లేదు. ఎంత వేసినా కూరకి పట్టదు. ఆయనేమో చప్పగా ఉందంటాడు. అందుకని ఇంకో చెంచా వేస్తున్నా. ఆసుపత్రికి తెచ్చేదాంట్లో కూడా, పాపం నోటికి ఏదో ఒకటి తగలాలి కదా అని, ఒక చెంచా ఎక్కువే వేస్తున్నా."

కొలతమ్మ చెప్పింది చెప్పినట్టు రాసింది. ఒక చెంచా అనుకున్నది రెండయింది. అదీ ఆవిడ ప్రేమగా వేసింది.

"ఏ ఉప్పు వాడతారు?" డైటీషియన్ మేడమే అడిగింది.

"ఏముంది, మామూలు ఉప్పే."

"మామూలు ఉప్పు అని రాసెయ్యి," అని ఆవిడ తరవాత ప్రశ్నకి వెళ్ళబోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆ పిల్ల పరిస్థితి ఆలోచించండి. రెండే రెండు మాటలు రాస్తే చాలు. ఇంటికెళ్ళి డబ్బా మార్చేస్తే ఎవరికీ తెలియదు. పొటాషియం దానంతటది దిగుతుంది, ఇంట్లో చోటుంటుంది, చదువుంటుంది. తప్పు ముసలావిడ మీద ఎలాగూ పడే ఉంది, అలాగే ఉండిపోతుంది. అన్నీ బాగానే ఉంటాయి. పెన్ను మాత్రం కాగితం మీద కదల్లేదు.

"మామూలు ఉప్పు కాదు మేడం."

"మరి?"

"సోడియం తగ్గించిన ఉప్పు. నేనే మార్చాను. ప్రాజెక్టు కోసం. పాత డబ్బాలో పోశాను. అత్తకి తెలీదు."

డైటీషియన్ మేడం కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించి కొలతమ్మ వైపు చూసింది. తిట్టలేదు. "ఏ ఉప్పు అని మొదటిరోజే నేను అడగాల్సింది," అని మాత్రం గొణుక్కుంది. మరుక్షణం లేచి, అన్నం గిన్నె, కూర గిన్నె, మజ్జిగ అన్నీ క్యారియర్లో సర్ది, క్యారియర్ చంకలో పెట్టుకుని డాక్టరు గదికి దాదాపు పరుగెత్తింది.

అత్త కాసేపు తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చుంది.

"నా చేత్తో పెట్టించావు," అంది చివరికి. "నువ్వు పెట్టి ఉంటే నీ తప్పు అనుకుని ఊరుకునేదాన్ని. నా వంటింట్లో, నా డబ్బాలో పోసి, నా మొగుడికి నా చేత్తోనే పెట్టించావు. చాలకపోతే ఇంకో చెంచా నేనే వేశాను."

"అత్తా, నాకు ఇవాళే తెలిసింది. తెలిసిన వెంటనే..."

"తెలియకపోతే చెయ్యకూడదు. చేసేదుంటే నాకు చెప్పాలి. తిండి నేను వండుతున్నాను, చదువు నువ్వు చదువుతున్నావు. రెండూ మాట్లాడుకుంటే ఏం పోయేది?"

అత్త లేచి బయటికెళ్ళింది. ఇంటికి వెళ్ళిపోతుందేమో అనుకుంది కొలతమ్మ. కాదు. బెంచీ ముందు నిలబడింది.

"లోపలికి రండత్తయ్యా."

"ఎందుకమ్మా? మళ్ళీ ఏమైంది?"

"రమ్మన్నానుగా. రండి."

క్షమించమనే మాట ఆ నోటినుంచి రాదు, ఆ సంగతి అమ్మమ్మకీ తెలుసు. చెప్పులు వెతుక్కుని, కోడలి భుజం పట్టుకుని లోపలికొచ్చి, కొడుకు పాదాల దగ్గర కూర్చుని దుప్పటి సర్దింది. ఏం జరిగిందని ఎవరినీ అడగలేదు. అత్త అక్కడే నిలబడి, గోడకి చెప్పినట్టు చెప్పింది.

"ఈయన ఇంటికొచ్చాక దీని సంగతి వాళ్ళమ్మతో మాట్లాడతాను. నాకు ఈ చదువు వద్దు నా ఇంట్లో."

"ఎవరింట్లో?" అన్నాడు మావయ్య కళ్ళు మూసుకునే. "పిల్ల మంచికే చేసింది. దాని చదువు జోలికి రావద్దన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను."

కొలతమ్మకి అప్పటిదాకా రాని ఏడుపు ఆ మాటకి వచ్చింది.

డైటీషియన్ మేడం తిరిగి వచ్చినప్పుడు ఖాళీ చేతులతో వచ్చింది. మొహంలో మాత్రం బరువు తగ్గలేదు.

"ఉప్పు కారణమే. దొరకడం మంచిదైంది. కానీ డాక్టరు గారు ఉప్పు ఒక్కటే కాదంటున్నారు. ఉప్పు పొటాషియం పెంచుతుంది కానీ కిడ్నీల్ని ఇంత తొందరగా ఇలా కుంగదియ్యదు. ఇంకేదో లోపలికి వెళ్తోంది. అదేంటో తెలిస్తే, అది ఆపితే, మెషీను లేకుండా గట్టెక్కొచ్చు. తెలియకపోతే సాయంత్రం మెషీనే." అత్తవైపు తిరిగింది. "మీరు నాతో రండి, డాక్టరు గారు మాట్లాడాలంటున్నారు. పెద్దావిడా, మీరూ రండి." గుమ్మం దగ్గర ఆగి, కాగితం పెట్టిన అట్ట వైపు కొలతమ్మకి వేలు చూపించింది. "అది సగంలో ఉంది. పూర్తి చెయ్యి."

మంచం చుట్టూ ఎవరూ లేరు. కొలతమ్మ కళ్ళు తుడుచుకుని కుర్చీ మంచానికి దగ్గరగా జరుపుకుంది. ఇప్పుడు అడగాల్సింది వండినావిణ్ణి కాదు, తిన్నాయన్ని.

"మావయ్యా, భోజనం కాకుండా నిన్న నీ నోట్లోకి ఇంకా ఏమేం వెళ్ళాయి?"

"నీళ్ళు."

ఆమె రాయలేదు. ఊరికే కూర్చుంది. ఎదటి మనిషి చెప్పేదాకా నోరు మూసుకుని ఉండడమే రీకాల్లో అన్నిటికంటే కష్టమైన పని అని క్లాసులో చెప్పేవాళ్ళు. అది నిజమని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

మావయ్య తలుపు వైపు చూశాడు. తరవాత దిండు కింద చెయ్యి పెట్టి, నలిగిన బిళ్ళల అట్ట ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టి, గుప్పిట మూసేశాడు. అట్టలో చాలా గుంటలు ఖాళీగా ఉన్నాయి.

"నడుం," అన్నాడు. "సీట్లో కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అవి వేసుకుంటేనే బండి కదిలేది. ఏడాది పైనే అయింది."

కొలతమ్మ గుప్పిట సందులోంచి అట్ట మీది పేరు చూసింది. నొప్పి బిళ్ళలు. రోజూ వేసుకుంటే కిడ్నీల్ని పిండేసేవి.

"ఇక్కడికొచ్చాక కూడానా?"

"పడుకుంటే ఇంకా ఎక్కువ లాగుతుందే. పొద్దున కూడా ఒకటి వేశా."

"డాక్టరు అడిగాడుగా మావయ్యా, ఏమైనా మందులు వాడుతున్నావా అని."

"డాక్టరు రాస్తే ఆ కాగితం డిపోకి వెళ్తుంది. నడుం పోయిన డ్రైవరుకి స్టీరింగు ఎవడిస్తాడు? ఏదో కౌంటర్లో కూర్చోబెట్టి మిగతా డ్రైవర్లకి తాళంచెవులు ఇచ్చి పుచ్చుకోమంటారు. బండి లేకపోతే నేనెవర్ని?" ఆయన గొంతు మొదటిసారి బతిమాలింది. "నీ తప్పుకి నేను అడ్డం నిలబడ్డానా లేదా? ఇప్పుడే నిలబడ్డాను, నీ కళ్ళెదుటే. నువ్వూ ఈ ఒక్కటీ దాచిపెట్టు. ఇవాళ్టి నుంచి మానేస్తా. నీ మీద ఒట్టు. అవతల పారెయ్యి తల్లీ."

మానేస్తానన్నాడు కదా, ఇంక చెప్పడమెందుకు? కొలతమ్మ మనసు ఆ మాటని గట్టిగా పట్టుకోబోయింది. కానీ కిడ్నీలు దేనివల్ల కుంగాయో తెలియకుండా డాక్టరు వైద్యం ఏం చేస్తాడు? సాయంత్రం మెషీను పెట్టాలో, ఆగి చూడాలో ఆయన నిర్ణయించాల్సింది ఇప్పుడు. పైగా రాత్రి నడుం లాగినప్పుడు ఈ మనిషి ఇంకో అట్ట తెప్పించుకోడని నమ్మకమేమిటి? ఆమెని చదివించిన మనిషి ఆయన. ఆమె కోసం ఇంట్లో అందరితో పోట్లాడిన మనిషి. ఆయన అడిగిన మొట్టమొదటి సాయం ఇది.

తలుపు తెరుచుకుంది. ముందు డాక్టరు, వెనక డైటీషియన్ మేడం, అత్త, ఆవిడ భుజం పట్టుకుని అమ్మమ్మ.

"ఏమ్మా, ఇంకేమైనా తెలిసిందా?" అన్నాడు డాక్టరు.

మావయ్య ఆమె మొహంలోకే చూస్తున్నాడు. బిళ్ళల అట్ట అంచు ఆమె అరచేతిలో గుచ్చుకుంటోంది. ఏమీ తెలియలేదండీ అని ఒక్క మాట చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా.

కొలతమ్మ చెయ్యి చాపి, గుప్పిట విప్పింది.

"ఇవి రోజూ వేసుకుంటున్నాడండీ. నడుం నొప్పికి. ఏడాది నుంచి. ఇవాళ పొద్దున కూడా."

డాక్టరు అట్ట తీసుకుని పేరు చదివి, ఇంకొక్క మాట అడక్కుండా నర్సుని కేకేస్తూ వెళ్ళిపోయాడు. అమ్మమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అత్త మొగుడి వైపు చూసింది, మేనకోడలి వైపు చూసింది.

మావయ్య మెల్లగా గోడవైపు తిరిగి పడుకున్నాడు. దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

"వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యవే," అన్నాడు భార్యతో. "వచ్చి దీన్ని తీసుకెళ్ళమను. నా ఇంట్లో దీనికి చోటు లేదు."

అత్త సంచీలోంచి ఫోన్ తీసింది.